అడిగేదాకా ఆగకండి, మీ లెక్కలు మీరే చెప్పండి: బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే సర్జన్లకు బహిరంగ లేఖ

బేరియాట్రిక్ సర్జన్లందరికీ నమస్కారం.

మూడేళ్ల కిందట మీలో ఒకరి దగ్గర నేను గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే పొట్టను చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలిపే ఆపరేషన్, చేయించుకున్నాను. అంతకు ఆరేళ్ల ముందు మీలోనే మరొకరి దగ్గర మా అక్క స్లీవ్, అంటే పొట్టలో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్, చేయించుకుంది. నేను ఆపరేషన్ అయిన మూడో రోజు ఇంటికి వచ్చేశాను, నెల తిరిగేసరికి పనిలోకి వెళ్లాను. అక్క కూడా మూడో రోజే ఇంటికి వచ్చింది. ఏడో రోజు మళ్లీ ఆసుపత్రికి వెళ్లి ఏడు వారాలు అక్కడే ఉండిపోయింది.

ఇద్దరం ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లం. ఇంచుమించు ఒకే బరువు, ఇద్దరికీ షుగర్. బరువు తగ్గడానికి ఇద్దరం ఇరవై ఏళ్లుగా చేయని ప్రయత్నం లేదు. ఒక ఆపరేషన్ పక్కనుండి చూసి, ఇంకొకటి నా ఒంటి మీద చేయించుకున్నాక మీతో మాట్లాడాలనిపించింది. సర్జన్‌ని ఎలా ఎంచుకోవాలో, ఏమేం అడగాలో పేషెంట్లకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ మీ ఎదురుగా కూర్చున్నాక మా నోరు పెగలదు. పెగిలినా, జవాబు నిజమో కాదో తేల్చుకునే దారి మాకు లేదు. అందుకే ఈ ఉత్తరం పేషెంట్లకు కాకుండా మీకు రాస్తున్నాను.

ముందు అక్క సంగతి చెబుతాను. ఆమె తన సర్జన్‌ని ఫొటోలు చూసి ఎంచుకుంది. ఆపరేషన్‌కు ముందు, తర్వాత అని పక్కపక్కనే పెట్టే ఫొటోలు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఒక కోఆర్డినేటర్ గంటసేపు ఎంతో ఆప్యాయంగా మాట్లాడింది. ఈ వారంలో అడ్వాన్స్ కడితే ప్యాకేజీలో తగ్గింపు ఉందని చెప్పింది. సర్జన్ మాత్రం పది నిమిషాలే కనిపించారు. "ఏం భయం లేదమ్మా, మూడు రోజుల్లో ఇంటికి వెళ్లిపోతావు" అన్నారు. ఆయన అన్నది అబద్ధం కాదు. మూడు రోజుల తర్వాతి సంగతి ఆయన చెప్పలేదు, మాకు అడగాలని తెలియలేదు.

ఐదో రోజు అక్కకు ఎడమ భుజంలో నొప్పి మొదలైంది. పడుకుని ఉన్నా గుండె దడదడలాడుతోంది అంది. బావ బీపీ మెషిన్ పెట్టి చూస్తే పల్స్ 126 ఉంది. కొద్దిగా జ్వరం. కడుపులో పెద్ద నొప్పేమీ లేదు. డిశ్చార్జి కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే అదే కోఆర్డినేటర్ ఎత్తింది. "అది గ్యాస్ నొప్పండి. పొట్టలోకి గ్యాస్ నింపి ఆపరేషన్ చేస్తారు కదా, భుజం దాకా వస్తుంది. కాస్త నడవమనండి" అంది. ఆరో రోజూ అదే మాట. సర్జన్‌గారు వేరే ఊళ్లో ఆపరేషన్లలో ఉన్నారట. ఏడో రోజు తెల్లవారుజామున అక్క ఊపిరి అందక లేచి కూర్చుంటే, దగ్గరలో ఉన్న ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడివాళ్లు ముందు గుండె జబ్బు అనుకున్నారు. సాయంత్రానికి స్కాన్ తీసి, పొట్టకు వేసిన పిన్నుల వరుసలో పైభాగాన లీక్ అయిందని చెప్పారు.

లీక్ అయినందుకు నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు. స్లీవ్‌లో పొట్టను నిలువునా కోసి దాదాపు 80 శాతం తీసేస్తారు. మిగిలిన సన్నటి గొట్టం పొడవునా స్టేప్లర్ పిన్నులు ఉంటాయి. అంత పొడుగు వరుసలో ఎక్కడో ఒకచోట అతుక్కోకపోవడం మంచి చేతుల్లో కూడా జరుగుతుంది. ఎక్కువగా అన్నవాహిక కలిసే చోట, పైభాగంలోనే జరుగుతుంది. పేషెంట్ ఇంటికి వెళ్లాక బయటపడటం కూడా మామూలే. లావుగా ఉన్న మనిషికి కడుపు లోపల చీము పట్టినా పైకి గట్టిపడదు, నొప్పి సరిగా తెలియదు, అన్నిటికన్నా ముందు పెరిగేది పల్సే. ఇవన్నీ నేను ఆ ఏడు వారాల్లో నేర్చుకున్నాను. మీరు చదువుకునే రోజుల్లోనే నేర్చుకున్నారు. ఆపరేషన్ అయిన మొదటి నెలలో పల్స్ 120 దాటితే వెంటనే రమ్మని డిశ్చార్జి కాగితం మీద ఒక్క ముక్క రాసి ఉంటే అక్క ఐదో రోజే వెళ్లి ఉండేది. ఆ రెండు రోజుల ఆలస్యమే ఆమెను ఐసీయూ దాకా తీసుకెళ్లింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. లీక్ సంగతి తెలిశాక ఫోన్‌లో సర్జన్ అక్కను అడిగిన మొదటి ప్రశ్న, "చెప్పకుండా గట్టి ఆహారం ఏదైనా తిన్నావా?" అని. ఆ వారం రోజులూ ఆమె చెంచాతో నీళ్లు తాగింది. లావుగా ఉన్నవాళ్లు జీవితమంతా వినే మాటే అది. తప్పు ఎక్కడ జరిగినా మా నోటి దగ్గరికే వస్తుంది. కడుపులో డ్రెయిన్ గొట్టం, అన్నవాహికలో స్టెంట్, ముక్కులోంచి పేగు దాకా ఫీడింగ్ ట్యూబ్ పెట్టుకున్న రోజుల్లో కూడా అక్క ఆ ప్రశ్ననే తలుచుకుని ఏడ్చేది.

ఇంత జరిగాక కూడా నేను ఇదే ఆపరేషన్ల వైపు ఎందుకు వచ్చానని మీకు అనిపించవచ్చు. ఎందుకంటే ఇవి పనిచేస్తాయి. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్న రెండు వేల పైచిలుకు మందిని, చేయించుకోని అలాంటి మరో రెండు వేల మందితో ఏళ్ల తరబడి పోల్చి చూశారు. ఆపరేషన్ అయినవాళ్లలో మరణాలు తక్కువని 2007లో తేల్చారు. అమెరికాలో 2009లో వచ్చిన మరో అధ్యయనంలో, మొదటిసారి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 30 రోజుల్లో చనిపోయినవాళ్లు 0.3 శాతం. పెద్ద ఇబ్బంది ఏదైనా వచ్చినవాళ్లు 4.3 శాతం. మోకీళ్లు అరిగి, షుగర్ ఇన్సులిన్ దాకా వచ్చి, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బుతో ఉన్న నాకు ఆ అంకెలు భయపెట్టేవిగా కనిపించలేదు. అక్కే నన్ను వెళ్లమంది. "ఆపరేషన్ మంచిదే, మనిషిని చూసుకో" అంది.

ఆ మనిషిని ఎలా చూసుకోవాలన్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. పైన చెప్పినవన్నీ సగటు లెక్కలు. సగటు సర్జన్ అంటూ ఎవరూ ఉండరు. మా పొట్ట మీద చేయి వేసేది ఒక్కరే, ఆ ఒక్కరి లెక్క మాకు కావాలి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మీవాళ్లే చేసిన ఒక పని గురించి చదివాను. 2013లో అచ్చయింది. 20 మంది బేరియాట్రిక్ సర్జన్లు తాము చేసిన బైపాస్ ఆపరేషన్ వీడియో ఒక్కొక్కటి ఇచ్చారు. అవి ఎవరివో చెప్పకుండా తోటి సర్జన్లకు చూపించి, చేతి నైపుణ్యానికి మార్కులు వేయమన్నారు. ఆ మార్కులను వాళ్ల పేషెంట్ల వివరాలతో పోల్చారు. అడుగున ఉన్న పావు వంతు సర్జన్ల దగ్గర ప్రతి వందలో 14.5 మందికి ఇబ్బందులు వచ్చాయి. పైన ఉన్న పావు వంతు దగ్గర 5.2 మందికి. మరణాల్లోనూ తేడా కనిపించింది.

ఆ అంకెలు చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఒక్క వీడియో చూసి మీరు ఒకరినొకరు పసిగట్టగలుగుతున్నారు. మీ ఇంట్లోవాళ్లకు ఈ ఆపరేషన్ కావాల్సి వస్తే ఎవరి దగ్గరికి పంపాలో, ఎవరి దగ్గరికి పంపకూడదో మీకు తెలుసు. మాకు మాత్రం ఫొటోలు, చుక్కల రేటింగులు, గోడ మీది సర్టిఫికెట్లు. మిషిగన్‌లో పైవరసలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లు ఎంచుకుని వెళ్లారా, అదృష్టం కొద్దీ వెళ్లారా? అదృష్టం కొద్దీనే వెళ్లి ఉంటారని నా నమ్మకం.

అందుకని నేను అడిగేది ఇదీ. మొదటిసారి మీ గదిలోకి వచ్చిన పేషెంట్‌కు, ఆమె అడిగినా అడగకపోయినా, మీ సొంత లెక్క చెప్పండి. పుస్తకంలో ఉన్న శాతాలు వద్దు. ఈ ఆపరేషన్, అంటే ఆమెకు మీరు చేయబోయే ఇదే ఆపరేషన్, మొత్తం ఎన్ని చేశారు, పోయిన ఏడాది ఎన్ని చేశారు. వాళ్లలో ఎంతమందికి లీక్ అయింది, ఎంతమందికి రక్తస్రావం అయింది, నెలలోపు ఎంతమందిని మళ్లీ థియేటర్‌లోకి తీసుకెళ్లాల్సి వచ్చింది, ఎంతమంది చనిపోయారు. ఐదేళ్ల కిందట మీరు ఆపరేషన్ చేసినవాళ్లలో ఇప్పటికీ మీ దగ్గరికి వస్తున్నవాళ్లు ఎంతమంది. ఈ చివరి లెక్క చెప్పడం మీకే అన్నిటికన్నా కష్టమవుతుందని నా అనుమానం.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఏం చెప్పాలి అంటారేమో. అదే చెప్పండి. ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ చేసే పద్ధతిలో, బైపాస్ మీద చేయి కుదరడానికి వంద కేసుల దాకా పడుతుందని మీవాళ్లే రాసుకున్నారు. ఆ మొదటి వందలో ఎవరో ఒకరు ఉండక తప్పదు, అది నాకు అర్థమవుతుంది. పక్కన అనుభవం ఉన్న సర్జన్ నిలబడతారని, ఆయన పేరు ఫలానా అని చెబితే ఒప్పుకునే పేషెంట్లు ఉంటారు. చెప్పకుండా చేస్తేనే అది మోసం అవుతుంది.

మంచి సర్జన్లే దీనికి ఒక అభ్యంతరం చెప్పడం విన్నాను. లెక్కలు బయటపెడితే, కష్టమైన కేసులు తీసుకునేవాళ్ల అంకెలు చెడ్డగా కనిపిస్తాయి, అప్పుడు ఎవరూ ఎక్కువ బరువున్నవాళ్లను, వయసు పైబడినవాళ్లను, కాళ్లలో రక్తం గడ్డలు కట్టినవాళ్లను ముట్టుకోరు అని. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. నిజంగా ఆపరేషన్ అవసరమైనవాళ్లు వాళ్లే. కానీ ఇంగ్లండ్‌లో 2013 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో బేరియాట్రిక్ సర్జన్ల ఫలితాలు పేర్లతో సహా ప్రచురించడం మొదలుపెట్టారు. స్వీడన్‌లో 2007 నుంచి ఈ ఆపరేషన్ల వివరాలు, ఫలితాలు నమోదు చేసే రిజిస్ట్రీ దేశవ్యాప్తంగా నడుస్తోంది. పేషెంట్ పరిస్థితి ఎంత కష్టమైనదో లెక్కలోకి తీసుకుని ఫలితాలను పోల్చే పద్ధతులు ఉన్నాయి. ఇద్దరే ఉన్న గదిలో అయితే అంత శాస్త్రం కూడా అక్కర్లేదు. "నా దగ్గరికి బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్లు వస్తారు, అందుకే ఈ అంకె ఇలా ఉంది" అని మీరు చెబితే వినేవాళ్లకు అర్థమవుతుంది.

అలా చెప్పిన మనిషిని నేను చూశాను కాబట్టే ఇంత ధైర్యంగా అడుగుతున్నాను. నా ఆపరేషన్ కోసం ముగ్గురిని కలిశాను. మొదటాయన నేను ఎన్ని చేశారని అడిగితే నవ్వి, "వేలల్లో" అన్నారు. లీక్ గురించి అడిగితే, అవన్నీ చదివి టెన్షన్ పెట్టుకోవద్దన్నారు. రెండో ఆవిడ మర్యాదగా మాట్లాడారు, కానీ ఆవిడ అందరికీ స్లీవే చేస్తారట. ఛాతీ మంట ఉందా అని ఆవిడ అడగలేదు, పదేళ్లుగా దానికి మాత్రలు వేసుకుంటున్నానని చెప్పాలని నాకు తోచలేదు.

మూడో ఆయన అడిగిన రెండో ప్రశ్నే అది. ఎండోస్కోపీ చేయించారు. అన్నవాహిక కింది భాగం పుండు పడి ఉంది, పొట్ట పైభాగం కొంత ఛాతీలోకి జారి ఉంది. స్లీవ్ చేస్తే ఆ మంట పెరిగే అవకాశం ఎక్కువని బొమ్మ గీసి చూపించారు. తర్వాత నేను చదివితే ఆయన మాట నిజమే. ఫిన్లాండ్‌లో 240 మందిని స్లీవ్, బైపాస్ అని రెండు గుంపులు చేసి పదేళ్లు గమనించారు. పదేళ్ల తర్వాత అన్నవాహిక పుండ్లు స్లీవ్ అయినవాళ్లలో 31 శాతానికి, బైపాస్ అయినవాళ్లలో 7 శాతానికి కనిపించాయి. అలాగని ఆయన బైపాస్‌ను పొగడలేదు. కొత్తగా కలిపిన చోట పుండు పడొచ్చని, కొన్ని రకాల నొప్పి మాత్రలు ఇక జన్మలో వేసుకోకూడదని, పొగ అలవాటుంటే ఆపరేషనే చేయనని చెప్పారు. పేగుల మధ్య ఖాళీలో పేగు ఇరుక్కుంటే ఏళ్ల తర్వాత కూడా అర్ధరాత్రి ఆపరేషన్ అవసరం కావచ్చని, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం తీసుకోవాలని, తీసుకోనివాళ్లను ఆపరేషన్‌కు ఒప్పించడం తనకు ఇష్టం లేదని చెప్పారు.

తర్వాత తన లెక్క చెప్పారు. ఎన్ని చేశారో, ఎన్ని లీకులయ్యాయో, ఎంతమందిని మళ్లీ తెరిచారో. ఒకరు చనిపోయారని కూడా చెప్పారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి, పదో రోజు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. ఆ తర్వాత గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు ఇంటికి వెళ్లాక కూడా కొనసాగించాలని మార్చుకున్నారట. ముగ్గురిలో చావు గురించి మాట్లాడింది ఆయనొక్కరే. నాకు ఆయన దగ్గరే భయం తగ్గింది.

బరువు లెక్కల గురించి కూడా ఒక మాట. మీ ప్రకటనల్లో "70 శాతం బరువు తగ్గుతారు" అని కనిపిస్తుంది. చదివినవాళ్లు ఉన్న బరువులో 70 శాతం అనుకుంటారు, మా అక్కా అలాగే అనుకుంది. మీరు చెప్పేది అదనపు బరువులో శాతం. 165 సెంటీమీటర్ల ఎత్తు, 118 కిలోల బరువున్న మనిషిని తీసుకోండి. బీఎంఐ అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే కొలత. ఆ ఎత్తుకు బీఎంఐ 25 అంటే 68 కిలోలు. కాబట్టి అదనపు బరువు 50 కిలోలు. అందులో 60 శాతం తగ్గితే 30 కిలోలు తగ్గి 88 కిలోల దగ్గర ఆగుతుంది. ఇది నిజంగా మంచి ఫలితం. షుగర్ మందులు తగ్గుతాయి, మోకాళ్లు తేలికపడతాయి. కానీ 118లో 70 శాతం పోతుందని ఆశపడి వచ్చిన మనిషికి 88 దగ్గర ఆగినప్పుడు తానేదో తప్పు చేశాననిపిస్తుంది. సిగ్గుపడి ఫాలోఅప్‌కు రావడం మానేస్తుంది. కిలోల్లో చెప్పండి. మీ పేషెంట్లు మొదటి ఏడాది ఎంత తగ్గారో, ఐదో ఏడాదికి అందులో ఎంత నిలిచిందో రెండూ చెప్పండి. తిరిగి కొంత పెరగడం మామూలేనని ముందే వింటే పెరిగిన రోజున మీ దగ్గరికే వస్తారు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి కదా, వాటి గురించి కూడా మీ నోటితోనే చెప్పండి. ఎంత తగ్గుతారు, ఆపేస్తే ఏమవుతుంది అన్నీ. కత్తి ఒక్కటే మార్గం అన్నట్టు మాట్లాడే సర్జన్ మీద నాకు నమ్మకం కుదరదు.

ఇప్పుడు ఆపరేషన్ తర్వాతి సంగతి. సర్జన్‌ని ఎంచుకోవడం అంటే ఆపరేషన్ రోజుకు మనిషిని ఎంచుకోవడమని మేం అనుకుంటాం. నిజానికి ఇరవై ముప్పై ఏళ్లకు ఎంచుకుంటున్నాం. మీ వృత్తి చరిత్రే దీనికి సాక్ష్యం. 1950ల నుంచి 70ల దాకా చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించే ఆపరేషన్ చేశారు. బరువు బాగా తగ్గింది. ఏళ్లు గడిచాక కొందరి కాలేయాలు పాడయ్యాయి, మూత్రపిండాల్లో రాళ్లు వచ్చాయి, చివరికి ఆ ఆపరేషన్‌ను వదిలేశారు. 2000 తర్వాత పొట్ట పైభాగం చుట్టూ బిగుతు పట్టీలా బ్యాండ్ వేయడం జోరుగా సాగింది. జారిపోవడం, లోపలికి కోసుకుపోవడం, బరువు తగ్గకపోవడం లాంటి కారణాలతో ఎంతోమందికి ఆ బ్యాండ్లు తీసేయాల్సి వచ్చింది. ఇవి చేసినవాళ్లు చెడ్డవాళ్లని కాదు. ఏళ్ల తరబడి పేషెంట్లను చూస్తూ ఉంటేనే ఇలాంటివి తెలుస్తాయి. మీరు ఫోన్ నంబరు మార్చేస్తే, ఫాలోఅప్ అంటే కోఆర్డినేటర్ పంపే మెసేజ్ అయితే, ఈసారి ఎవరికి తెలుస్తుంది?

వెంటనే తెలియాల్సిన ప్రమాదాలూ ఉన్నాయి. ఆపరేషన్ అయిన వారాల్లో వాంతులు ఆగకపోతే ఒంట్లో బి1 విటమిన్ అయిపోతుంది. మనిషి తూలుతుంది, చూపు రెండుగా కనిపిస్తుంది, మతి తప్పుతుంది. అప్పుడు దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళితే నీరసమని గ్లూకోజ్ పెడతారు. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి మరింత చెడుతుంది, మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. ఒక చిన్న ఇంజెక్షన్‌తో ఆగే ప్రమాదం ఇది. నా సర్జన్ నాకొక కార్డు ఇచ్చారు, పర్సులో పెట్టుకోవడానికి. ఒకవైపు నాకు ఏ ఆపరేషన్ అయిందో చిన్న బొమ్మ, రెండోవైపు "వాంతులతో వస్తే గ్లూకోజ్ కన్నా ముందు బి1 ఇవ్వండి", "ఈ నొప్పి మందులు ఇవ్వకండి", "కడుపునొప్పితో వస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని. ఆ నంబరుకు డాక్టరే పలుకుతారు. నేను ఒకసారి రాత్రి పదకొండు గంటలకు చేసి చూశాను, నిజంగా నొప్పి వచ్చే చేశాను. అది పిత్తాశయంలో రాళ్ల నొప్పి అని తేలింది. వేగంగా బరువు తగ్గినవాళ్లకు అది వస్తుందని ఆయన ముందే చెప్పి ఉన్నారు కాబట్టి నాకు కంగారు కలగలేదు.

పెళ్లయిన ఆడపిల్లలు మీ దగ్గరికి వస్తారు. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలని వాళ్లకు చెప్పండి. బరువు తగ్గితే అంతకుముందు రాని గర్భం వచ్చే అవకాశం పెరుగుతుందని కూడా చెప్పండి, ఎందుకంటే పిల్లలు కలగరనుకుని జాగ్రత్త తీసుకోనివాళ్లు ఉంటారు. బైపాస్ తర్వాత మద్యం త్వరగా ఎక్కుతుందని, అలవాటుగా మారే ప్రమాదం ఉందని చెప్పండి. మనసు కుంగిపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో పేరు రాసివ్వండి. మీ బృందంలో డైటీషియన్, మానసిక నిపుణులు నిజంగా ఉన్నారా, కాగితం మీదే ఉన్నారా అన్నది కూడా మాకు తెలియాలి. మీరు ఊళ్లో లేనప్పుడు మా పొట్ట ఎవరి బాధ్యతో పేరుతో సహా తెలియాలి. అక్క విషయంలో ఆ జవాబు ఎవరి దగ్గరా లేదు.

కోఆర్డినేటర్ల మీద నాకు కోపం లేదు. ఆ అమ్మాయి తనకు నేర్పిన మాటే చెప్పింది. కానీ ఆపరేషన్‌ను అమ్మే పని ఎవరిదో, ఆపరేషన్ అయినవాళ్ల ఫోన్ ఎత్తే పని కూడా వాళ్లదే అయితే ప్రమాదం. ఈ ఒక్క ఏర్పాటు మార్చడానికి కొత్త మెషిన్లు అక్కర్లేదు, చట్టాలు అక్కర్లేదు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి ఇంకో కారణం ఉంది. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలమానం ప్రకారం బీఎంఐ 40, లేదా జబ్బులు కూడా ఉంటే 35 దాటినవాళ్లకే ఈ ఆపరేషన్లు. 2022లో మీ సంఘాలు దాన్ని మార్చాయి. ఇప్పుడు 35 దాటితే జబ్బుల్లేకపోయినా చేయవచ్చు, షుగర్ లాంటివి ఉంటే 30 నుంచే ఆలోచించవచ్చు, ఆసియావాసులకు ఆ గీత ఇంకా కిందికి, 27.5కు దిగింది. గీత దిగిన కొద్దీ మీ గదిలోకి వచ్చేవాళ్లు పెరుగుతారు. మా అంత అవస్థ పడనివాళ్లు, ఇంకా పరిగెత్తగలిగేవాళ్లు, నిండా ముప్పై ఏళ్లు లేనివాళ్లు వస్తారు. లీక్ అయితే వాళ్లు పోగొట్టుకునేది మాకన్నా ఎక్కువ.

వచ్చే నెలలో నాకు మూడో ఏటి రక్తపరీక్షలు. ఈసారి అక్క కూడా నాతో వస్తానంది. ఏడు వారాల తర్వాత ఇంటికి వచ్చిన రోజు నుంచి ఇప్పటిదాకా ఆమె ఏ బేరియాట్రిక్ సర్జన్ గడపా తొక్కలేదు. జుట్టు ఊడిపోతోంది, అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి, అయినా వెళ్లనంటూ వచ్చింది. నా సర్జన్‌కు ఫోన్ చేసి అడిగితే తప్పకుండా తీసుకురమ్మన్నారు. ఆమె మొదటి ఆపరేషన్ నోట్స్ దొరికితే బాగుంటుందన్నారు, కొలత కోసం లోపల ఏ సైజు గొట్టం పెట్టి పొట్టను కోశారో, ఏ స్టేప్లర్లు వాడారో, థియేటర్‌లోనే లీక్ పరీక్ష చేశారో లేదో చూడాలట. ఆ కాగితాలు పేషెంట్ అడక్కుండానే డిశ్చార్జి రోజున చేతికి ఇవ్వాలన్నది నా చివరి కోరిక. ఆ ఆసుపత్రికి బావ రెండుసార్లు ఉత్తరం రాశారు, ఒకసారి స్వయంగా వెళ్లి వచ్చారు. పాత రికార్డులు వెతికి చెబుతామన్నారు. మేం ఎదురుచూస్తున్నాం.

ఇట్లు,
ఒకసారి అక్క వెంట, ఒకసారి నా కోసం మీ గది బయట కూర్చున్న ఒక పేషెంట్